“మీకే అమ్మెదను” అను మాటకు అర్థమేమి?



సికింద్రాబాదు మోండా మార్కెట్టు పేరు వినని కూరగాయల రైతు ఈ ప్రాంతమున అరుదు. పూర్వము కూరగాయల టోకు బేరము అచ్చట జరుగుచుండెను. పిమ్మట అది బోయినపల్లి మార్కెట్టు యార్డునకు తరలినది. మోండాలో నేడు చిల్లర యంగళ్లు, పూజాసామగ్రి దుకాణములు కిటకిటలాడుచున్నవి. బేరము జరుగు చోటు మారినదిగాని, బేరములోని యొక మాట మారలేదు. విత్తుకాలమున అడ్తీదారు రైతుచేతిలో అడ్వాన్సు పెట్టి, “పంట వచ్చినప్పుడు సరుకు నా దుకాణమునకే తేవలెను” అనును. రైతు తల యూచును. కొన్నియెడల చిన్న కాగితముపై సంతకమో, వ్రేలిముద్రయో వేయును. తాను తీసికొనినది అప్పు మాత్రమే యని అతడు తలంచును. నిజమునకు అతడు రెండు ఒడంబడికలు చేసియున్నాడు: ఒకటి అప్పు తీర్చుటకు, రెండవది ఇతరులకు అమ్మకుండుటకు. ఈ రెండవదానిని గూర్చియే ఈ మాసము వ్రాయుచున్నాము.

ఒక్క అక్షరము

ఆంగ్లమున వ్రాసిన కరారునామాలలో దీనిని ఎక్స్‌క్లూజివ్ షరతు అందురు. మన భాషలో ఈ షరతంతయు ఒక్క అక్షరములో నిమిడియున్నది. వ్యాకరణము చదివినవారు దానిని అవధారణార్థకమైన ‘ఏ’కారమందురు. ఈ వాక్యములను పోల్చి చూడుడు.

“నా టమాటాలను మీకు అమ్మెదను.” ఇది విక్రయపు మాట. ఒప్పుకొనినంత సరుకు ఇచ్చిన పిమ్మట, మిగిలినది ఎవరికైనను అమ్ముకొనవచ్చును.

“నా టమాటాలను మీకే అమ్మెదను.” ఇక్కడ రైతు చేయి కట్టబడినది. అన్యులకు ఒక బుట్టెడైనను అమ్మరాదు. అయితే వర్తకునిచేయి కట్టబడలేదు. అతడు పదిమంది వద్ద కొనవచ్చును, రైతు వద్ద కొనకయు ఉండవచ్చును.

“మీ వద్దనే కొనెదను.” ఇక్కడ వర్తకునిచేయి కట్టబడినది.

“నా పొలములోని టమాటాలనే మీకు తెచ్చెదను.” ఇక్కడ కట్టబడినది సరుకు. పొరుగువాని పంటను తనదని చెప్పి తేరాదు.

అక్షరము ఒకటే, నిలిచిన చోటు వేరు. అది ఏ పదమునకు అంటుకొని యున్నదో దానినిబట్టి ఎవరు బద్ధులో, దేనికి బద్ధులో తేలును. మనకు చూపబడు కాగితములలో తరచుగా రెండవ వాక్యము మాత్రమే యుండును, మూడవది కనబడదు.

ఇంకను సూక్ష్మమైన భేదము లున్నవి. “మీరే నా ఏజెంటు” అని వ్రాసినచో రైతు తానే బజారున కూర్చుండి అమ్ముకొనవచ్చునా? ఆంగ్లపు కరారులలో సోల్ ఏజెంటు అన్నచో, వేరొక ఏజెంటు ఉండరాదుగాని యజమాని తానే అమ్ముకొనవచ్చునని సాధారణముగా అర్థము చేసికొందురు. ఎక్స్‌క్లూజివ్ అన్నచో యజమానికిని ఆ హక్కు ఉండదు. 1999 జనవరి 26న రైతుబజారులు ఆరంభమైనది మొదలు ఈ భేదము మనకు మిక్కిలి ముఖ్యమైనది. ఆదివారమునాడు నాలుగు గంపలు రైతుబజారునకు తీసికొనిపోయి స్వయముగా అమ్ముకొనుట షరతును మీరుట యగునో కాదో, ఆ కాగితములోని మాటయే నిర్ణయించును. “మొదట మీకు చూపెదను” అనుట మరియొకటి. అది మొదటి యవకాశము మాత్రమే. వర్తకుడు వలదన్న పిమ్మట రైతు స్వతంత్రుడు.

ఈ నగరమును ఒక షరతు ఫలమే

ఇట్టి మాట ఎంత దూరము తీసికొనిపోవునో తెలిసికొనుటకు సికింద్రాబాదు పుట్టుకయే చాలును. 1798 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నిజాము ఆంగ్లేయుల కంపెనీతో సంధి చేసికొని, తన కొలువులోని ఫ్రెంచి దళమును తొలగించి, కంపెనీ సేనను పెంచి యుంచుకొనుటకును, దానికై ఏటేట 24,17,100 రూపాయలు చెల్లించుటకును అంగీకరించెను. 1800 సంధిలో, కంపెనీకి ముందుగా తెలుపక ఇతర రాజ్యములతో మంతనములు సాగింపనని కూడ ఒప్పుకొనెను. ఆ సేన వ్యయమునకై, మైసూరు యుద్ధములవలన తన పాలికి వచ్చిన సీమలను కంపెనీకి విడిచిపెట్టెను. బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములు దత్తమండలములని పేరొందినది ఇందువలననే. సేన విడిసిన దండుచోటు 1806లో సికందర్ జా పేర సికింద్రాబాదైనది.

రాజునకు రక్షణ లభించినది నిజమే. కాని వేరొకరి యొద్దకు పోవు త్రోవ మూసికొనిన పిమ్మట ధర చెప్పువాడు రెండవపక్షపువాడే. రాజునకే ఇట్లయినచో, రెండెకరముల రైతు మరింత జాగరూకుడై యుండవలెను.

షరతుకు వెల కట్టుట

“నాకు అడ్వాన్సు వడ్డీ లేకుండ నిచ్చినాడు” అని కొందరు సంతోషింతురు. ఒక లెక్క వేయుదము. ఇది ఊహించిన లెక్క. ఎవరి సంగతియు కాదు. రైతు నాలుగు నెలలకు 20,000 రూపాయలు అడ్వాన్సు తీసికొనెను. వడ్డీ లేదు. పంటకాలమున 300 బాక్సుల టమాటాలు అదే దుకాణమునకు తెచ్చెను. యార్డులో ఇతరులకు పలికిన ధరకంటె బాక్సుకు 40 రూపాయలు తక్కువ వచ్చెను. అనగా 12,000 రూపాయలు పోయెను. 20,000 రూపాయలపై నాలుగు నెలలకు 12,000 అనగా నూటికి 60. సంవత్సరమునకు నూటికి 180. అదే మొత్తము నూటికి ఏడు వంతున పంటఋణముగా తీసికొనియుండినచో, నాలుగు నెలల వడ్డీ దాదాపు 467 రూపాయలు మాత్రమే.

కావున “మీకే” అను మాటకు వెల యున్నది. వడ్డీ కనబడనిచోట దానిని ధరలో వెదకవలెను. అడ్తీదారులందరును ఇట్లే చేయుదురని మా భావము కాదు. కష్టకాలమున ఆదుకొని, న్యాయమైన ధర యిచ్చి, నిలకడగా కొనువారును కలరు. అట్టివారితో చేసికొనిన షరతు రైతునకును మేలే. బేరము వెదకు శ్రమ తప్పును. అందుచేత ఈ షరతును గుడ్డిగా నిందింపరాదు; తూచి చూడవలెను.

చట్టమేమి చెప్పును?

ఒడంబడికల చట్టము 1872 నాటిది. అది హైదరాబాదు రాజ్యమునకు 1951లో వర్తించెను. దాని 27వ సెక్షను ప్రకారము, ఎవనినైనను న్యాయమైన వృత్తినుండిగాని వ్యాపారమునుండిగాని నిరోధించు ఒడంబడిక, నిరోధించినంతమేరకు చెల్లదు. వ్యాపారపు మంచిపేరును అమ్మినవాడు సమీపమున అదే వ్యాపారము పెట్టనని మాట యిచ్చుట మాత్రము దీనికి మినహాయింపు.

1874లో కలకత్తా హైకోర్టు ముందునకు ఇత్తడి సామానుల వర్తకుల వివాద మొకటి వచ్చెను. పోటీ భరింపలేక యొక వర్తకుడు, మరియొకడు ఆ పేటలోని దుకాణమును మూసివేసినచో కొంత సొమ్ము ఇత్తునని ఒప్పుకొనెను. దుకాణము మూతపడెను, సొమ్ము రాలేదు. దావా వేయగా, నిరోధము ఒక పేటకే పరిమితమైనను ఒడంబడిక చెల్లదని కోర్టు చెప్పెను. పాపము, దుకాణము మూసినవానికి సొమ్మును దక్కలేదు. చెల్లని షరతును నమ్ముకొనిన ఫల మట్లుండును.

ఇది విని, “అట్లయిన ‘మీకే అమ్మెదను’ అనునదియు చెల్లదుగదా” యని తొందరపడరాదు. ఒడంబడిక నడచుచున్న కాలమునకు మాత్రమే పరిమితమైన షరతును న్యాయస్థానములు సాధారణముగా వ్యాపారనిరోధముగా పరిగణింపవు. 1967లో ఒక యుద్యోగి విషయమునను, 1995లో గుజరాతులోని పానీయములు సీసాలలో నింపు కంపెనీకిని కోకాకోలా కంపెనీకిని జరిగిన వ్యాజ్యమునను సుప్రీంకోర్టు ఇట్లే తీర్పు చెప్పెను. అయితే షరతు మితిమీరిన కఠినమైనదిగాని, కేవలము ఏకపక్షమైనదిగాని కాకుండవలెను. ఒడంబడిక ముగిసిన పిమ్మటకూడ చేయి కట్టు షరతు మాత్రము 27వ సెక్షనుకు తగులును. “వచ్చే యేడు కూడ ఎవరికిని అమ్మరాదు” అను మాట, ఈ యేటి ఒడంబడిక తీరిన పిదప నిలువదు.

మరి షరతు మీరినచో ఏమగును? మొదటిది నష్టపరిహారము. కాగితములో లక్ష రూపాయలు జుర్మానా అని వ్రాసినంతమాత్రమున లక్షయు చెల్లింపనక్కరలేదు. 74వ సెక్షను ప్రకారము ఆ మొత్తమునకు మించకుండ, సమంజసమైనంత పరిహారమునే కోర్టు ఇప్పించును. రెండవది నిషేధాజ్ఞ. 1852లో లండనులో ఒక గాయని ఒకే నాటకశాలలో పాడుదునని ఒప్పుకొని, వేరొకచోట పాడుటకు సిద్ధపడగా, కోర్టు ఆమెను పాడుమని నిర్బంధింపలేకపోయినను, వేరొకచోట పాడరాదని ఆజ్ఞాపించెను. మన దేశమున 1963 నాటి నిర్దిష్ట ఉపశమనముల చట్టము 42వ సెక్షను ఇట్టి యధికారమునే కోర్టుల కిచ్చినది. దానిలోని యొక మాట రైతు కంఠస్థము చేయదగినది: ఆజ్ఞ కోరువాడు తన వంతు నెరవేర్చినవాడై యుండవలెను. సమయమునకు సరుకు తూచుకొననివాడు, సొమ్ము చెల్లింపనివాడు ఆ సెక్షను క్రింద రైతును ఆపుమని కోర్టును కోరజాలడు.

2002 నాటి పోటీచట్టము కూడ, ప్రత్యేక సరఫరా ఒడంబడికలవలన బజారులో పోటీకి చెప్పుకోదగిన హాని కలిగినచో వానిని చెల్లకుండ చేయును. అది పెద్ద కంపెనీల విషయమున ఎక్కువగా ఉపయోగించునది.

రెండు వైపుల కట్టు

న్యాయమైన షరతు ఎట్లుండునో చెరకు రైతులు ఎరుగుదురు. 1961 నాటి చెరకు సరఫరా చట్టము ప్రకారము, కర్మాగారమునకు కొంత ప్రాంతము కేటాయింపబడును. రైతు ఆ కర్మాగారమునకే తోలవలెను; తోలిన చెరకును కర్మాగారము కొనవలెను. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తరువు, 14 దినములలో సొమ్ము చెల్లింపవలెననియు, ఆలస్యమైనచో సాలుకు నూటికి 15 వంతున వడ్డీ ఇయ్యవలెననియు విధించెను. ఇట్లు ‘ఏ’కారము రెండు వైపుల నిలిచినది. పామాయిలు విషయమున 1993 నాటి చట్టము ఇదే రీతిగా ప్రాంతములను కర్మాగారములకు పంచియిచ్చినది. గెల కోసిన 24 గంటలలో మరకు చేరవలెను కనుక, దగ్గరి కర్మాగారముతో కట్టుబాటు రైతునకును అవసరమే.

అయినను కాగితముపై రెండు వైపుల కట్టుబాటు చాలదు. కొనువాడు నిలిచి యుండవలెను. 1937లో బోధనులో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడగా, ఆ ప్రాంతపు రైతులు చెరకు తోలుటకు దూరపు మిల్లులను వెదకుకొనవలసివచ్చెను. పామాయిలు చెట్టు పాతిక యేండ్లకు పైగా కాయును. అంతకాలము ఒకే వాకిలిని నమ్ముకొనువాడు, ఆ వాకిలి మూతపడిననాడు తన గతి యేమో ముందే అడిగి తెలిసికొనవలెను.

విత్తనముల విషయమున మరియొక చిక్కు కలదు. కంపెనీలు విత్తనమిచ్చి, “మా విత్తనమునే వేయవలెను, పండినదంతయు మాకే ఇయ్యవలెను” అనును. 2019 ఏప్రిలులో పెప్సికో కంపెనీ, తాను నమోదు చేయించిన బంగాళాదుంప రకమును అనుమతి లేక పండించిరని గుజరాతు రైతులపై దావా వేసి, నలుగురినుండి తలకొక కోటి యైదు లక్షల రూపాయలు కోరెను. దేశమంతట నిరసన చెలరేగగా మే నెలలో దావా ఉపసంహరించుకొనెను. 2001 నాటి వంగడముల రక్షణ చట్టము 39వ సెక్షను, బ్రాండు పేరుతో అమ్మనంతవరకు, తన పంటను విత్తనముగా దాచుకొనుటకు, నాటుటకు, మార్చుకొనుటకు, అమ్ముటకు రైతునకు హక్కు నిచ్చినది. కాని ఒడంబడికపై స్వయముగా సంతకము చేసినవాడు ఆ కాగితములో ఏమున్నదో చదివి యుండవలెను గదా.

మన సంఘపు కట్టుబాటు

ఇతరుల షరతులను విమర్శించు మనము మన యింటి షరతును మరువరాదు. విక్రయ సహకార సంఘములు సభ్యులను “పంటను సంఘముద్వారానే అమ్మవలెను” అని కోరుట లోకమంతట ఉన్నది. 1882లో డెన్మార్కులోని హెడింగు గ్రామమున ఆరంభమైన తొలి సహకార పాలకేంద్రమున సభ్యులు తమ పాలు అచ్చటికే పోయవలెనను నియమముండెను. సభ్యుడు ధర బాగున్ననాడు బయట అమ్మి, ధర పడిననాడు సంఘమునకు తెచ్చినచో ఏ సంఘమును నిలువదు. 1920 తరువాత అమెరికాలోని పొగాకు రైతులు ఐదేండ్ల కరారులతో సంఘములు కట్టిరి. అట్టి కరారులను రక్షించు కెంటకీ రాష్ట్రచట్టము చెల్లునని 1928లో అచ్చటి సుప్రీంకోర్టు చెప్పెను.

అయితే హద్దు కలదు. ఐర్లండులోని బాలిమాసెలిగట్ సహకార పాలసంఘము, తన సభ్యుడు పాలను సంఘమునకే అమ్మవలెననియు, కమిటీ సమ్మతి లేక సంఘమును విడిచిపోరాదనియు నియమము చేసెను. అనగా సభ్యుడు బ్రతికినంతకాలము కట్టుబడియుండవలసినదే. 1919లో బ్రిటనులోని ప్రభుసభ ఈ నియమము సమంజసము కాదని కొట్టివేసెను. ఇందలి నీతి మన కార్యవర్గముల వారు గ్రహింపవలెను. “సంఘమునకే” అని కోరువారు, “ఇష్టములేనిచో ఇంత గడువిచ్చి వైదొలగవచ్చును” అనియు చెప్పవలెను. సభ్యుడు నిలుచునట్లు చేయవలసినది న్యాయమైన తూకము, సకాలపు చెల్లింపు, బాహాటమైన లెక్కలు. మన ప్రాంతమున 1956లో ఏర్పడిన ముల్కనూరు సహకార సంఘము, అప్పును, ఎరువులను, పంట విక్రయమును ఒకే గడపలో సమకూర్చి నిలిచినది. రైతుకు ఆ గడప దాటిపోవలసిన యవసరము తగ్గించుటయే దాని బలము.

వ్రేలిముద్ర వేయుటకు ముందు

ఏ కాగితమైనను ఈ క్రింది ప్రశ్నలు అడిగి, జవాబు వ్రాయించుకొనుడు.

1. ‘ఏ’కారము ఎవరి వైపున నున్నది? “మీకే అమ్మెదను” అనుదానికి ఎదురుగా “తప్పక కొనెదను” అను మాట కలదా?

2. ఏ పంట, ఏ పొలము, ఎంత సరుకు? “నా సమస్త పంటలు” అని వ్రాయనీయకుడు. ఇంటి వాడుకకును, విత్తనమునకును, రైతుబజారునకును కొంత విడిచిపెట్టుడు.

3. ఎంతకాలము? అడ్వాన్సు తీరిన దినముననే షరతు కూడ తీరవలెను. అప్పు తీరిన పిమ్మట షరతు మిగులుట అన్యాయము.

4. ధర ఎవరు చెప్పుదురు? ఆనాటి యార్డు మోడల్ ధరను ఆధారముగా పెట్టుకొనుడు. ప్రతి తూకమునకు తక్‌పట్టీ తీసికొనుడు.

5. కొనువాడు రాకున్న నేమి? కూరగాయ ఒక దినములో వాడిపోవును. ఇన్ని గంటలలో తూచుకొననిచో ఇతరులకు అమ్ముకొనవచ్చునని యుండవలెను. ఏరివేసిన సరుకును రైతు ఇష్టము వచ్చినచోట అమ్ముకొనవచ్చునని కూడ నుండవలెను.

6. మాట తప్పినచో పరిహారము ఇరువురికిని సమానమా?

7. తెలుగున వ్రాసిన నకలు మీ యింట నున్నదా? నకలు ఇయ్యనివాని కాగితముపై సంతకము చేయకుడు. నోటిమాటయు ఒడంబడికయే యగునుగాని, వివాదము వచ్చినప్పుడు దానిని రుజువు చేయుట కష్టము.

నమూనాగా ఒక వాక్యమాల నిచ్చుచున్నాము. అవసరమునుబట్టి మార్చుకొనవచ్చును:

“ఈ యాసంగిలో నా రెండెకరముల టమాటా పంటను, ఇంటి వాడుకకును రైతుబజారునకును వారమునకు నాలుగు గంపలు మినహాయించి, మీకే అమ్మెదను. తెచ్చిన సరుకును ఆ దినముననే మీరు తప్పక తూచుకొని, యార్డులో ఆనాడు పలికిన మోడల్ ధరకు తగ్గకుండ సొమ్ము చెల్లింపవలెను. తూచుకొననిచో ఆనాటి సరుకును ఇతరులకు అమ్ముకొను హక్కు నాది. నా యడ్వాన్సు తీరిన దినమున ఈ షరతు రద్దగును.”

ఇట్టి కాగితము చూపినప్పుడు మంచి వర్తకుడు అభ్యంతరము చెప్పడు. చెప్పినచో, అతడు కోరినది పంటను కాదు, రైతు చేతిని అని తెలిసికొనవచ్చును. పెద్ద మొత్తములున్నచోట వకీలుకు చూపుట మంచిది. మండల న్యాయసేవల కమిటీలవద్ద స్త్రీలకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు, తక్కువ ఆదాయము గలవారికి ఉచిత సలహా లభించును.

విత్తనము కొనునప్పుడు మొలకశాతము అడుగుదుము. ఎరువు కొనునప్పుడు సంచిపై ముద్ర చూతుము. పంటంతటిని ఒకనికే కట్టిపెట్టు అక్షరమును చూడకుండుట తగునా? వచ్చే అడ్వాన్సు చేతికి రాకముందే, పాత కాగితములను పెట్టెలోనుండి తీసి, చదువు వచ్చిన పిల్లలచేత ఒకసారి చదివించుకొనుడు. ‘ఏ’ యెక్కడ నున్నదో చూడుడు.